గుడ్డులోనే పిల్ల ఎందుకు చనిపోతుంది?

రెంటచింతల ఎండ సంగతి పల్నాడు పిల్లలకు చెప్పక్కర్లేదు. రాష్ట్రంలో బాగా కాగే ఊళ్లలో అదొకటి. ఇంక్యుబేటర్లో పెట్టకముందే గుడ్డులోని పిండాన్ని ఆ ఎండ దెబ్బతీయగలదు.

ఎలాగంటే, కోడిపిండం 37.5 డిగ్రీల దగ్గర చక్కగా పెరిగి 21 రోజుల్లో పిల్లవుతుంది. కానీ సుమారు 27 డిగ్రీలు దాటితే చాలు, పెరుగుదల నెమ్మదిగా మొదలవుతుంది. మే నెలలో ఇంట్లో ఓ మూల పెట్టిన గుడ్డుకు రాత్రీపగలూ అంతకు మించిన వేడే. ఆ అరకొర వేడికి పిండం బలహీనంగా పెరిగి, పొదిగిన తొలి రోజుల్లోనే పోతుంది. అందుకే గుడ్లను తడి ఇసుక మీద ఉంచిన మట్టి పాత్రలో దాచి, వారంలోపు పొదగెయ్యాలి.

పొదగేసిన ఏడో రోజు చీకట్లో గుడ్డుకు టార్చి ఆనించి చూడండి. సాలెగూడులా రక్తనాళాలు కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. ఎర్రటి ఉంగరం ఒక్కటే కనిపిస్తే పిండం పోయినట్టు. ఏమీ లేకపోతే అది పుంజు కలవని గుడ్డు కావచ్చు. పాపం, ఇంక్యుబేటర్ ఏం చేస్తుంది?

రెండో గండం చివరి మూడు రోజులు. పిల్ల అప్పుడే గుడ్డు వెడల్పు కొనలోని గాలి గదిలోకి ముక్కుతో పొడిచి, ఊపిరితిత్తులతో శ్వాస మొదలుపెడుతుంది. మొదటినుంచీ తేమ ఎక్కువైతే గాలి గది చిన్నదైపోయి ఊపిరాడదు. చివర్లో తేమ తగ్గితే పొర ఎండి ఒంటికి అంటుకుపోతుంది. 18వ రోజు దాకా 50-55 శాతం, ఆపైన 65-70 శాతం తేమ ఉండాలి.

పెట్ట గుడ్లను ముక్కుతో తిప్పుతూనే ఉంటుంది. మనమూ రోజుకు మూడుసార్లయినా తిప్పాలి, 18వ రోజున ఆపాలి. ఆ తర్వాత మాటిమాటికీ మూత తీయకండి, తేమంతా పోతుంది.