పెంకులోని బాతుపిల్ల

మచిలీపట్టణము, గుడివాడ, దివిసీమ ప్రాంతములందు వరికోతలు ముగిసిన పిమ్మట బాతుల మందలు రాలిన గింజలను, నత్తలను ఏరుకొని తినుచు చేలలో తిరుగుచుండును. పెంపుడుబాతులకు పొదుగుటలో ఓపిక తక్కువ. అందుచే వాటి గుడ్లను కోడిపెట్ట క్రిందనో, పొదుగు యంత్రమునందో ఉంచుదురు. తాను పొదిగిన పిల్లలు కాలువలో దిగగా గట్టుపై కోడి ఆరాటపడుట చూడదగిన వింత! కోడిగుడ్డునకు 21 దినములు చాలును. బాతుగుడ్డునకు 28 దినములు పట్టును.

గడువు సమీపింపగానే పిల్ల గుడ్డు మొద్దుకొననున్న గాలిగదిలోనికి ముక్కు దూర్చి ఊపిరి పీల్చును. పిదప ముక్కుపైనున్న చిన్న గట్టి మొనతో పెంకును పగులగొట్టును. ఆపై ఒక పగలును ఒక రాత్రియు పని సాగినట్లే కనబడదు. చూచువారు జాలిపడి పెంకు ఒలువబూనుదురు. ఆ జాలియే ప్రాణాంతకము కావచ్చును. ఏలయన, అప్పుడు లోపొరయందలి రక్తము పిల్ల శరీరమునకు చేరుచుండును. మిగిలిన పచ్చసొన దాని కడుపులోనికి పోవుచుండును. పొర చినిగినచో నెత్తురు కారును.

అయితే గాలిలో తేమ చాలనిచో పొర ఎండి పిల్లకు అంటుకొనును. అది లోపల తిరుగజాలదు. ఒక దినము దాటినను కదలిక లేక, పొర ఎండి పసుపువన్నెకు తిరిగినచో సాయము అవసరము. గోరువెచ్చని నీట తడిపి పిండిన గుడ్డతో, ముక్కునకు నీరు తగులకుండ, పొరను మెత్తబరుపవలెను. గాలిగది వైపున పెంకును గోరంత గోరంతగా తీయవలెను. ఎఱ్ఱని చుక్క కనబడిన తక్షణము ఆపి, గుడ్డును మరల వెచ్చని చోటనుంచి కొన్ని గంటలు వేచియుండవలెను.