కడుపుతో ఉన్నప్పుడొక మోతాదు.. పాలిచ్చేటప్పుడొక మోతాదు

చేతివేళ్లు కొంకర్లు పోతాయి. పెదవుల చుట్టూ చీమలు పాకినట్లు తిమ్మిరి. పిక్కలు పట్టేస్తాయి. నీరసమని కొందరు, గాలి సోకిందని కొందరు అంటారు. గర్భిణికి ఏకంగా ఫిట్సే వస్తే గుర్రపువాతం అనుకుంటారు. అదీ ప్రాణాంతకమే. ఆలోచించకుండా 108కు ఫోన్ చేయాలి. అయితే ఆమె మెడకు గతంలో థైరాయిడ్ ఆపరేషన్ జరిగి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. కారణం వేరే కావచ్చు.

థైరాయిడ్ గ్రంథి వెనుక బియ్యపు గింజలంతేసి పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం పడిపోకుండా చూసే హార్మోన్ వాటిలోనే ఊరుతుంది. 1849లో లండన్ జంతు ప్రదర్శనశాలలో చనిపోయిన మన దేశపు ఖడ్గమృగాన్ని కోసి పరీక్షించినప్పుడు రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు వీటిని గమనించాడట. మెడ ఆపరేషన్‌లో ఇవి దెబ్బతింటే హార్మోన్ తగ్గిపోతుంది. కొందరికి పుట్టుకతోనే లోపముంటుంది. జబ్బు అరుదే గాని, శాశ్వతంగా వచ్చినవారికి మందులు తప్పవు.

తాంబూలంలో సున్నం ఎక్కువ రాసుకుంటే సరిపోతుందన్నది వట్టిమాట. ఎండలో నిలబడినా చాలదు. ఎండవల్ల వచ్చే డి విటమిన్‌ను మూత్రపిండాలు పనికొచ్చే రూపంలోకి మార్చడానికి ఆ హార్మోన్ తోడు కావాలి. అందుకే కాల్షియంతోపాటు కాల్సిట్రయాల్ ఇస్తారు.

గర్భం వచ్చిందని భయపడి ఈ మందులు మానితే చిక్కే. కాల్షియం బాగా తగ్గితే నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు, బిడ్డ ఎముకలు బలహీనపడొచ్చు. మరీ పెరిగితే పుట్టిన బిడ్డకు కాల్షియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. కనుక మూడు నాలుగు వారాలకోసారి రక్తపరీక్ష చేయించాలి. కాన్పుకు ముందు నెల, తర్వాతి నెల ఇంకా తరచుగా చేయించాలి. మోతాదు డాక్టరే మార్చాలి. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రను కాల్షియంతో కలిపి మింగరాదు, రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు.

మన వైపు తొలిచూలు పురిటికి పుట్టింటికి తీసుకెళ్తారు. ఊరు మారుతుంది, డాక్టరూ మారతారు. పసుపు కుంకుమలతోపాటు ఆపరేషన్ కాగితాలు, మందుల చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులూ సంచిలో పెట్టి పంపాలి. చాలా ఇళ్లలో ఇదే మరిచిపోతారు.

కాన్పయ్యాక కథ తిరగబడుతుంది. పాలిచ్చే తల్లి రొమ్ములో ఆ హార్మోన్‌ను పోలినదే మరొకటి తయారై, ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి తెస్తుంది. పాత మోతాదే మింగుతుంటే కాల్షియం మితిమీరొచ్చు. వాంతులు, మలబద్ధకం, తీరని దాహం, మగత దీని లక్షణాలు. బాలింత బడలికలే అని ఇంట్లో వదిలేయకుండా వెంటనే రక్తపరీక్ష చేయించాలి. బిడ్డకు పాలు మానిపించనక్కర్లేదు. మందు తగ్గించాలా అన్నది డాక్టరు చూస్తారు. పుట్టిన బిడ్డకూ కాల్షియం పరీక్ష చేయించాలి.

అన్నప్రాశన అయి, బిడ్డ పాలు మానే రోజుల్లో తల్లికి మోతాదు మళ్లీ పెంచాల్సి రావచ్చు. అప్పుడు మరోసారి ఆస్పత్రికి వెళ్లాలి.