సమూహ ప్రసారం: యూనిక్స్ తరహా వ్యవస్థలలో దోషాన్వేషణ క్రమం

ముఖ్యపదాలు: మల్టీకాస్ట్, సమూహ ప్రసారం, సభ్యత్వం, లినక్స్, సాంకేతిక పరిభాష

1. ఉపోద్ఘాతం

ఒక ఉపన్యాసాన్ని నలభై కంప్యూటర్లకు విడివిడిగా పంపితే నెట్‌వర్క్‌పై నలభై రెట్ల భారం పడుతుంది. రుద్రూర్‌లోని ఆహార విజ్ఞాన సాంకేతిక కళాశాల వంటి గ్రామీణ విద్యాసంస్థ తన తరగతి గదులన్నింటికీ ఒకే పాఠాన్ని ఏకకాలంలో అందించదలచినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. దీనికి పరిష్కారం మల్టీకాస్ట్. పంపే యంత్రం ఒకే ప్రతిని పంపుతుంది. దారులు చీలిన చోటనే అది అనేకమవుతుంది. స్టీఫెన్ డీరింగ్ 1989లో రచించిన ‘ఆర్.ఎఫ్.సి. 1112’ పత్రం ఈ విధానానికి ఆధారం.

2. పరిభాష - భావన

‘మల్టీకాస్ట్’ను ‘బహుప్రసారం’ అని అనువదిస్తే దృష్టి పంపేవారిపై నిలుస్తుంది. ‘సమూహ ప్రసారం’ అన్నప్పుడు అసలు భావన స్ఫురిస్తుంది. 224.0.0.0 నుండి 239.255.255.255 వరకు గల చిరునామాలు యంత్రాలను కాక సమూహాలను సూచిస్తాయి. స్వీకరించదలచిన యంత్రం ‘ఐజీఎంపీ’ నియమావళి ద్వారా తన సభ్యత్వాన్ని ప్రకటించుకోవాలి. కనుక ప్రసారం అందనప్పుడు పరిశీలన స్వీకర్త వద్ద ఆరంభం కావడం ఉచితం.

3. దోషాన్వేషణ క్రమం

3.1 సభ్యత్వం: లినక్స్‌లో ‘నెట్‌స్టాట్ -జీ’ ఆదేశం ఏ ఇంటర్‌ఫేస్‌పై ఏ సమూహంలో చేరినదీ చూపుతుంది. కేబుల్, వైఫై రెండూ ఉన్న యంత్రంలో సభ్యత్వం ఒకదానిపై నమోదై, ప్రసారం మరొకదానికి రావచ్చు.

3.2 రాక: ‘టీసీపీడంప్’లో ప్రసారం కనిపిస్తూ ప్రోగ్రామ్‌కు అందకపోతే, ఫైర్‌వాల్‌ను, ‘ఆర్‌పీ_ఫిల్టర్’ అమరికను పరీక్షించాలి. తిరుగుదారి వేరుగా ఉన్న మూలం నుండి వచ్చిన ప్యాకెట్లను ఈ అమరిక తిరస్కరించగలదు.

3.3 పరిధి: సమూహ ప్రసారానికి ‘టీటీఎల్’ విలువ సహజంగా 1. దానిని పెంచనిదే ప్రసారం రౌటర్‌ను దాటదు. దాటవలసి ఉంటే రౌటర్‌లోనూ మల్టీకాస్ట్ మార్గనిర్దేశం అమర్చి ఉండాలి.

3.4 కొనసాగింపు: ప్రసారం కొన్ని నిమిషాలు సాగి ఆగిపోతే స్విచ్‌ను గమనించాలి. సభ్యులెవరో ఎప్పటికప్పుడు అడిగే ‘క్వెరియర్’ నెట్‌వర్క్‌లో లేకపోతే, స్విచ్ సభ్యత్వాన్ని తొలగిస్తుంది. నియమావళిలోని సాధారణ విలువల ప్రకారం ఈ గడువు 260 సెకన్లు.

ఇక్కడ ‘పింగ్’ సాక్ష్యాన్ని జాగ్రత్తగా గ్రహించాలి. యంత్రం తన సొంత చిరునామాపై బదులిచ్చినంత మాత్రాన సమూహ ప్రసారం అందుతున్నట్లు కాదు. సమూహ చిరునామాకు పంపిన పింగ్‌కు లినక్స్ సహజంగా బదులివ్వదు. ఆ మౌనం దోషానికి నిదర్శనం కాదు.

4. ముగింపు

సభ్యత్వం, రాక, పరిధి, కొనసాగింపు అనే ఈ క్రమం సమూహ ప్రసార భావన నుండే ఏర్పడింది. ‘ఎవరు పంపారు’ అన్న ప్రశ్న కంటే ముందు ‘ఎవరు చేరారు’ అని అడగాలన్నదే దాని సారాంశం. సముచితమైన తెలుగు పదం ఆ ప్రశ్నను విద్యార్థికి ముందుగానే అందిస్తుంది. సాంకేతిక పరిభాషా నిర్మాణంలో నిఘంటువుల అర్థంతోపాటు పని జరిగే తీరునూ పరిగణించవలసిన ఆవశ్యకతను ఇది తెలుపుతున్నది.