లాక్‌డౌన్‌లో ఎవరి పొయ్యి ఆరింది? అపోహలు – వాస్తవాలు

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో ప్రకటించారు. అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. సర్దుకోవడానికి దొరికింది నాలుగు గంటలు. తిరుమలలో మార్చి 20 నుంచే దర్శనాలు ఆగిపోయాయి. ఆ రోజుల గురించి ఇప్పటికీ టీకొట్ల దగ్గర, పెళ్లిళ్లలో కొన్ని మాటలు వినిపిస్తుంటాయి. వాటిలో చాలావరకు నిజం కావు.

అపోహ: కష్టం అందరికీ ఒక్కటే.

వాస్తవం: కానే కాదు. నెల జీతగాడికి అది ఇంట్లో కూర్చోవడం. రెక్కాడితే గానీ డొక్కాడని మనిషికి మర్నాటి నుంచే రాబడి సున్నా. మామూలు రోజుల్లో తిరుమల కొండకు రోజుకు 60 వేల మందికి పైగా వచ్చేవారు. వాళ్ల మీదే తిరుపతిలో వేల కుటుంబాలు బతికేవి: జీపు డ్రైవర్లు, లాడ్జీల్లో దుప్పట్లు ఉతికేవాళ్లు, పూసల దండలు, దేవుడి పటాలు అమ్మేవాళ్లు. భక్తుల నుదుట నామాలు దిద్దే మనిషినే తీసుకోండి. చిన్న గిన్నెలో తిరుమణి, చేతిలో ఒక అచ్చు, అదే అతని పెట్టుబడి. పొద్దున వచ్చిన చిల్లరతోనే రాత్రికి బియ్యం కొనాలి. జూన్ 11న భక్తులకు దర్శనాలు మళ్లీ మొదలయ్యాయి కదా అంటారు. మొదట్లో రోజుకు ఆరేడు వేల మందినే పంపారు. గుడి తెరిచినా అతని గిన్నె ముందుకు వచ్చి నిలబడేవాళ్లు లేరు.

బ్యాంకు అప్పులకు ఆగస్టు దాకా వాయిదా ఇచ్చారు నిజమే, వడ్డీ మాత్రం ఆగలేదు. వీధి ఫైనాన్స్‌లో రోజువారీ కట్టే అప్పుకు ఆ వాయిదా వర్తించనే లేదు.

అపోహ: వ్యవసాయానికి మినహాయింపు ఉంది, రైతు నష్టపోలేదు.

వాస్తవం: మినహాయింపు కాగితం మీద వచ్చింది, కొనేవాడు రాలేదు. మదనపల్లె టమాటా ఇక్కడ తినేది కొంతే. మిగతాది చెన్నైకి, ఇతర రాష్ట్రాలకు లారీల్లో పోవాలి. హోటళ్లు మూతపడ్డాయి, పెళ్లిళ్లు ఆగాయి. మే మొదట్లో కరోనా కేసులతో చెన్నై కోయంబేడు మార్కెట్ కూడా మూసేశారు. ఆ మార్కెట్‌కు వెళ్లొచ్చినవాళ్ల ద్వారా చిత్తూరు జిల్లాలోనూ కేసులు పెరిగాయి. టమాటా ఆగే పంట కాదు. కోత కూలీ, బాడుగ కూడా గిట్టదనుకున్న రైతు కాయను చెట్టుకే వదిలేస్తాడు.

అపోహ: ఉచిత బియ్యం ఇచ్చారు, ఎవరూ పస్తులుండలేదు.

వాస్తవం: మనిషికి నెలకు 5 కిలోలు ఇవ్వడం మంచి పని. ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. కానీ కార్డు సొంతూళ్లో, మనిషి పరాయి ఊళ్లో ఉంటే ఆ బియ్యం అందేదెలా? కార్డు లేని వలస కూలీలకూ ఇస్తామని కేంద్రం చెప్పింది మే 14న. అప్పటికి లాక్‌డౌన్ మొదలై యాభై రోజులు. ఆ లాక్‌డౌన్ నెలల్లో కోటి మందికి పైగా వలస కూలీలు సొంతూళ్ల బాట పట్టారు. దారిలో ఎందరు చనిపోయారని పార్లమెంటులో అడిగితే, లెక్క లేదని సెప్టెంబరులో కేంద్రం జవాబిచ్చింది. లెక్కే రాసుకోకపోవడం నా దృష్టిలో ఆ ఏడాది జరిగిన పెద్ద తప్పుల్లో ఒకటి.

ఆకలి ఒక్కటే కాదు. 2019లో దేశంలో 24 లక్షల క్షయ కేసులు నమోదయ్యాయి, 2020లో 18 లక్షలే. జబ్బు తగ్గలేదు, ఆసుపత్రి దాకా రావడం తగ్గింది.

అపోహ: అసలు లాక్‌డౌనే దండగ, కరోనా ఉత్త జలుబు.

వాస్తవం: 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాలో అంతరాయంతో 11 మంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. ఆ ఇళ్లవాళ్ల ముందు ఈ మాట అనగలమా? మూయడం తప్పు కాదు. పేదవాడి చేతికి ముందు డబ్బు, బియ్యం అందించకుండా మూయడం తప్పు.

అపోహ: పనికి రాలేదు కాబట్టి పనిమనిషికి జీతం ఇవ్వక్కర్లేదు.

వాస్తవం: ఆమె మానలేదు, రావద్దన్నది మనం. కూలీల వేతనం కోయవద్దని మార్చి 29న కేంద్రం ఆదేశించింది కూడా. మే నెలలో ఆ ఆదేశం తొలగిపోయింది. మీ ఇంట్లో పనిచేసిన మనిషికి ఆ నెలల జీతం బాకీ ఉంటే, దయచేసి ఇప్పుడైనా ఇచ్చేయండి.