క్లబ్బుకు ఆడేవాడు దేశానికి ఎలా ఆడతాడు?

ప్రశ్న: టీవీలో ఫుట్‌బాల్ చూస్తుంటే ఒకే ఆటగాడు ఒక వారం క్లబ్బు జెర్సీలో, మరో వారం తన దేశం జెర్సీలో కనిపిస్తాడు. అతను అసలు ఏ జట్టువాడు? రెండింటికీ ఎలా ఆడనిస్తారు?
(భేజ్జి, సుక్మా జిల్లా, బస్తర్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: అతను రెండు జట్లవాడూ. కాకపోతే ఆ రెండు బంధాలూ ఒకే రకానివి కావు. ఒకటి ఒప్పందంతో కుదిరింది, రెండోది పౌరసత్వంతో వచ్చింది.

మీ వైపు నుంచి ఏటా ఎంతోమంది కోంట దాటి భద్రాచలం, ఖమ్మం వైపు మిరప కోతలకు వస్తారు. ఈ ఏడు ఒక రైతు దగ్గర, వచ్చే ఏడు ఇంకో రైతు దగ్గర పని చేస్తారు. ఊళ్లో పండుం (పండుగ) వచ్చిందంటే మాత్రం సొంతూరికే చేరుకుంటారు. రైతు మారినంత మాత్రాన ఊరు మారదు. ఫుట్‌బాల్‌లో క్లబ్బు ఆ రైతు లాంటిది, దేశం ఆ ఊరు లాంటిది. ఈ తేడా గుర్తుంటే మిగతాదంతా సులువుగా తెలుస్తుంది.

ముందు క్లబ్బు సంగతి చూద్దాం. క్లబ్బు అంటే జీతమిచ్చి ఆటగాళ్లను పెట్టుకునే సంస్థ. ఇన్నేళ్లు, ఇంత జీతానికి ఆడతానని ఆటగాడు కాంట్రాక్టు (రాతపూర్వక ఒప్పందం) మీద సంతకం చేస్తాడు. గడువు తీరాక ఎక్కడికైనా వెళ్లొచ్చు. తీరకముందే వెళ్లాలంటే మామూలుగా కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు డబ్బు కట్టాలి. విదేశీయులు ఎందరుండొచ్చో చాలా లీగులు ఒక హద్దు పెడతాయి. దానికి లోబడి క్లబ్బు చూసుకునేది ఆటనే, పుట్టిన చోటును కాదు.

హైదరాబాద్ ఎఫ్‌సీనే తీసుకో. 2019లో మొదలైన ఆ క్లబ్బు 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి లీగులో అందరికన్నా ముందున్న బార్తలోమ్యూ ఒగ్బెచె నైజీరియావాడు. 17 ఏళ్ల వయసులో, 2002 ప్రపంచ కప్‌లోనే అతను తన దేశానికి ఆడాడు. అదే జట్టులో ఎడమవైపు డిఫెండర్ ఆకాశ్ మిశ్రాది ఉత్తరప్రదేశ్, ఇంకో డిఫెండర్ చింగ్లెన్‌సనా సింగ్‌ది మణిపూర్. వాళ్లిద్దరూ 2021 మార్చిలో దుబాయ్‌లో ఒమన్ మీద భారత్ తరఫున తొలి మ్యాచ్ ఆడారు. హైదరాబాద్ పేరుతో ఆడిన ఆటగాళ్లు ఇన్ని చోట్లవాళ్లు. ఆ క్లబ్బు కూడా స్థిరంగా ఉండిపోలేదు, 2025లో ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. కానీ ఆకాశ్ మిశ్రా దేశం అప్పుడూ ఇప్పుడూ భారతదేశమే.

మరి దేశం జట్టులోకి ఎవరు రావచ్చు? ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ ఫిఫా. ఆటగాడికి ఆ దేశపు పౌరసత్వం ఉండాలన్నది దాని మొదటి షరతు. పౌరసత్వం కొత్తగా తీసుకున్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. అతను ఆ దేశంలో పుట్టి ఉండాలి, లేదా తల్లిదండ్రుల్లోనో తాత, అమ్మమ్మ, నాయనమ్మల్లోనో ఒకరు అక్కడ పుట్టి ఉండాలి, అదీ కాకపోతే చాలా ఏళ్లు అక్కడ నివసించి ఉండాలి. ఎందుకింత పట్టు? ఇది లేకపోతే డబ్బున్న దేశాలు మంచి ఆటగాళ్లను క్లబ్బులు కొన్నట్టే కొనేస్తాయి. అప్పుడు దేశాల పోటీకీ క్లబ్బుల పోటీకీ తేడా ఉండదు.

ఈ నియమం మన తెలుగు మూలాలున్న ఒక ఆటగాడి విషయంలో ఎలా పనిచేసిందో చూడు. వికాష్ దొరాసూ కుటుంబం మారిషస్‌కు చెందింది, పూర్వీకులు తెలుగువాళ్లు. అతను మాత్రం 1973లో ఫ్రాన్స్‌లోని ఆర్‌ఫ్లోర్‌లో పుట్టాడు. ల హావ్ర్, లియాన్, బోర్డో, ఇటలీలో మిలన్, ఆ తర్వాత పారిస్ సెయింట్ జెర్మెయిన్... ఇలా క్లబ్బు వెంట క్లబ్బు మారాడు. దేశం జట్టు మాత్రం ఒక్కటే, ఫ్రాన్స్. ఆ నీలం జెర్సీతోనే 2006 ప్రపంచ కప్‌లో రెండు మ్యాచ్‌లలో సబ్‌స్టిట్యూట్‌గా (మరొకరి బదులుగా) మైదానంలోకి దిగాడు.

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ కథా ఇంతే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి అతను హైదరాబాద్ కుర్రాడు. మరుసటి ఏడాది కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. క్లబ్బు మారింది, గోల్స్ మాత్రం భారత్ ఖాతాలోనే పడ్డాయి.

ఇక నీ రెండో ప్రశ్న. జీతమిచ్చే క్లబ్బు తన ఆటగాణ్ణి ఎందుకు వదులుతుంది? వదలక తప్పదు కనుక. ఫిఫా ముందుగానే ఒక క్యాలెండరు వేసి, దేశాల మధ్య మ్యాచ్‌లకు కొన్ని రోజులు కేటాయిస్తుంది. వీటినే ఇంటర్నేషనల్ విండో (దేశాల మ్యాచ్‌లకు విడిచిన రోజులు) అంటారు. ఆ రోజుల్లో దేశం పిలిస్తే క్లబ్బు పంపాల్సిందే. జీతం మాత్రం క్లబ్బే ఇస్తూ ఉంటుంది. ఆటగాళ్లు దేశాలకు వెళ్లిపోతారు కనుక పెద్ద లీగులు ఆ రోజుల్లో తమ మ్యాచ్‌లు ఆపేస్తాయి. నువ్వు వారం తేడాతో రెండు జెర్సీలు చూడటానికి కారణం ఇదే.

దేశానికి ఆడుతూ కాలు విరిగితే నష్టం ఎవరిది? క్లబ్బుదే, ఎందుకంటే ఆడకపోయినా జీతం ఇవ్వాలి. ఈ భయం తీర్చడానికి ఫిఫా 2012 నుంచి బీమా పెట్టింది. దేశం మ్యాచ్‌లో తగిలిన గాయంతో ఆటగాడు 28 రోజులకు మించి ఆడలేకపోతే, ఒక హద్దు వరకు ఆ జీతాన్ని బీమా భరిస్తుంది. ప్రపంచ కప్‌కు ఆటగాళ్లను పంపిన క్లబ్బులకు రోజుల లెక్కన ఫిఫా డబ్బు కూడా ఇస్తుంది.

ఈ క్యాలెండరులో లేని పోటీలకైతే క్లబ్బు పంపకపోయినా తప్పు కాదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలు సరిగ్గా మన సూపర్ లీగ్ మొదలయ్యే రోజుల్లోనే వచ్చాయి. చాలా క్లబ్బులు ఆటగాళ్లను ఇవ్వలేదు. జట్టును హడావిడిగా కూర్చి పంపారు. చైనా చేరిన మరునాడే మైదానంలోకి దిగిన మనవాళ్లు 1-5తో ఓడారు. ముందే తేదీలు కుదుర్చుకోవడం ఎంత ముఖ్యమో ఆ ఓటమి చెబుతుంది.

అలాగని క్లబ్బునూ దేశాన్నీ శత్రువులు అనుకోవద్దు. దేశం జట్టు కలిసి ఉండేది ఏడాదిలో కొద్ది రోజులే. ఆటగాణ్ణి రోజూ సాధన చేయించి తీర్చిదిద్దేది క్లబ్బే. దీనికి మన దగ్గరే గట్టి రుజువుంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టులో పదునెక్కిన అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్ భారత జట్టుకు ఆడారు. ఆ రహీమే భారత జట్టుకూ శిక్షకుడై 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చాడు, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా నడిపించాడు. క్లబ్బులు బలంగా ఉన్న రోజుల్లోనే మన దేశం జట్టు కూడా బలంగా ఉంది.

మైదానం ఎంత దూరమైనా ఈ దారి మూసుకుపోలేదు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య క్లబ్బుల్లో రాణించి భారత మహిళల జట్టులోకి వచ్చింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. మీ బస్తర్‌లోనే నారాయణ్‌పూర్ రామకృష్ణ మిషన్ ఆశ్రమం పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతోంది. 2024లో జాతీయ అండర్-20 పోటీలు అక్కడి మైదానంలోనే జరిగాయి.

కాబట్టి దేశం జెర్సీ కావాలనుకునే పిల్లలు మొదట అడగాల్సింది ఒక మంచి జట్టును, రోజూ ఆట నేర్పే గురువును. భేజ్జి బడిలో, సుక్మాలో, కోంటలో ఆ జట్లు కట్టడం పెద్దల బాధ్యత. పిల్లలు ఆడటానికి సిద్ధంగానే ఉన్నారు, వాళ్లకో మైదానం, ఒక బంతి, ఒక శిక్షకుణ్ణి ఇవ్వండి.