పసిబిడ్డ వంతు

పసివాడి చెవిన ఎన్ని మాటలు పడితే అంత మంచిదని చాలామంది నమ్మకం. 1995లో అమెరికాలో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ 42 కుటుంబాలను గమనించి, నాలుగేళ్లు వచ్చేసరికి కలిగినింటి పిల్లలు పేదింటి పిల్లలకన్నా 3 కోట్ల మాటలు ఎక్కువ వింటారని అంచనా కట్టాక అది మరీ గట్టిపడింది. నాకు మాత్రం ఆ మాటల్లో బదులిచ్చే వంతు బిడ్డకు దక్కిందా లేదా అన్నదే అసలు ప్రశ్న అనిపిస్తుంది. 2018లో రేచల్ రోమియో బృందం నాలుగు నుంచి ఆరేళ్ల వయసున్న 36 మంది పిల్లల ఇళ్లలో మాటలు రికార్డు చేసి, వాళ్లు కథ వింటుండగా మెదడు స్కాన్ తీసింది. పెద్దలు ఒకటంటే పిల్లలు ఒకటంటూ కబుర్లు ఎక్కువగా సాగిన ఇళ్ల పిల్లల్లో, భాషకు కీలకమైన బ్రోకా ప్రాంతం ఎక్కువ చురుగ్గా కనిపించింది. ఇంటి ఆదాయాన్నీ, పెద్దల మాటల సంఖ్యనూ పక్కన పెట్టి చూసినా ఆ సంబంధం చెక్కుచెదరలేదు.

మాటలే రాని బిడ్డకు వంతేమిటని అడగవచ్చు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఎలీస్ పియాజ్జా బృందం 9 నుంచి 15 నెలల పిల్లల తలకు టోపీ తొడిగి, మెదడు రక్తంలో ఆక్సిజన్ మార్పులను కాంతితో కొలిచింది. మొత్తం 42 మందిలో ముగ్గురు టోపీయే పెట్టనివ్వలేదు, 21 మంది కుదురుగా కూర్చోలేదు, మిగిలింది 18 మంది. బిడ్డ అమ్మ ఒళ్లోనో నాన్న ఒళ్లోనో ఉంటే, ఎదురుగా పరిశోధకుల్లో ఒకరు బొమ్మలాడించారు, పాట పాడారు, పుస్తకం చదివారు. అప్పుడు బిడ్డ మెదడూ, ఎదుటి మనిషి మెదడూ ఒకే లయలో నడిచాయి. ఆ మనిషి పక్కకు తిరిగి ఇంకొకరితో మాట్లాడగానే ఆ పొత్తు కనుమరుగైంది. ఇంకో విశేషం, బిడ్డ నుదుటి వెనకున్న మెదడు భాగం పెద్దవాళ్ల మెదడుకన్నా కొన్ని సెకన్లు ముందు నడిచింది. వినడమే తప్ప ఏమీ చేయదనుకున్న బిడ్డే దారి చూపిస్తోందన్నమాట!

పద్దెనిమిది మంది తక్కువే. పైగా మాటకారి పిల్లలున్న ఇంట్లో కబుర్లు ఎలాగూ ఎక్కువే కాబట్టి, చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కూ ఉంది. దానికి కొంత జవాబు పట్రీషియా కూల్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో దొరుకుతుంది. తొమ్మిది నెలల అమెరికా పిల్లలు చైనా భాష ధ్వనులను ఎదుట కూర్చున్న మనిషి దగ్గర పట్టుకోగలిగారు, అవే పాఠాలు వీడియోలో చూస్తే పట్టుకోలేకపోయారు. ఇదంతా ఉద్యోగాలు చేసే తల్లుల మీద కొత్త భారం కాదా అంటే, కాదు. ప్రిన్స్‌టన్‌లో బిడ్డ మెదడుతో కలిసి నడిచింది అమ్మ మెదడు కాదు, పరిచయం లేని మనిషిది. ఆ చోట నాన్నయినా, అంగన్‌వాడీ టీచరయినా ఉండవచ్చు. కాళ్ల మీద పడుకోబెట్టుకుని లాలపోసే అమ్మమ్మ ‘ఏరా కన్నా, నీళ్లు వేడిగా ఉన్నాయా?’ అని, వాడు ‘ఊఁ’ అనేదాకా చెంబు పట్టుకుని ఆగుతుంది. నా దిగులంతా ఆ ఆగడం గురించే. చేతిలో ఫోన్ ఉన్నప్పుడు వాడు ‘ఊఁ’ అన్నా మనకు వినపడటం లేదు.