నెట్‌వర్కు నిలయములలో సింబాలిక్ లింకుల అర్థనిర్ణయము

నిఘంటువునందు ఒక పదముకడ అర్థము వ్రాయక, ‘చూ.’ అని మఱియొక పదమును మాత్రము సూచించుట కలదు. కంప్యూటరునందలి సింబాలిక్ లింకు ఇట్టిదియే. వేఱొక ఫైలుండు మార్గమును తెలుపు చిన్న వాక్యము మాత్రమే అందుండును. 1983లో వెలువడిన 4.2 బి.ఎస్.డి. యూనిక్సుతో ఈ సాధనము ప్రచారమునకు వచ్చినది. ఒకే యంత్రమున్నంతవఱకు చిక్కు లేదు. కాని నిలయమునందలి ఫైళ్లను ఇచ్చు సర్వరొకటియు, వానిని కోరు క్లయింటొకటియు అయినపుడు, ఆ వాక్యమునకు అర్థము చెప్పవలసినదెవరను ప్రశ్న పుట్టును. తాళపత్రప్రతుల ఛాయాచిత్రములు, భాషాసంచయములు నేడిట్లే పంచుకొనబడుచుండుటచే ఇది భాషాపరిశోధకులకును సంబంధించిన ప్రశ్నయే.

మొదటి సమాధానము 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ రూపొందించిన ఎన్.ఎఫ్.ఎస్. పద్ధతిది. ఇందు సర్వరు లింకులోని వాక్యమును ఉన్నదున్నట్లు పంపును; అన్వయించుకొనుట క్లయింటు పని. లింకునందు మూలమునుండి మొదలగు పూర్ణమార్గమున్నచో, అది సర్వరు మూలమునుగాక క్లయింటు మూలమునే తెలుపును. అచ్చట అదే మార్గమున వేఱొక ఫైలున్నయెడల, పొరపాటు తెలియకయే అన్యపాఠము చేతికి వచ్చును.

రెండవది యూనిక్సు, లినక్సు యంత్రములనుండి విండోసువారికి ఫైళ్లనిచ్చు సాంబాది. సాధారణముగా సర్వరే లింకు ననుసరించి, గమ్యమునందలి ఫైలును మామూలు ఫైలువలె చూపును. అచ్చట లింకు కలదనుటయు విండోసు క్లయింటునకు తెలియదు. అయితే 2010లో ఒక భద్రతాలోపము బయల్పడిన పిమ్మట, పంచిన నిలయపు హద్దు దాటు లింకులను సాంబా ప్రత్యేకానుమతి లేనిదే అనుసరింపదు.

మూడవది విండోసు సర్వరుది. 2007లో విడుదలయైన విస్టానుండి విండోసునందును సింబాలిక్ లింకులు కలవు. లింకు తగిలినచోట సర్వరు ఆగి, వాక్యమును క్లయింటునకు అప్పగించును. దూరపు నిలయములోని లింకు క్లయింటు సొంత డిస్కునకు దారి చూపినచో, మార్చనంతవఱకు విండోసు దాని ననుసరింపనీయదు.

భారతీయభాషలవారికి వర్ణక్రమమునందు ఇంకొక చిక్కు కలదు. యూనికోడునందు తెలుగు ఐత్వచిహ్నమును ఒక్క సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వచిహ్నము, దానిక్రింది భాగము అను రెండు సంకేతములుగాను వ్రాయవచ్చును. తమిళ, మలయాళ, వంగలిపులయందలి ఓత్వచిహ్నముల స్థితియు ఇట్టిదే. మాకింటాషు యంత్రములయందు 1998లో ప్రవేశించిన హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్ ఫైళ్ల పేర్లను విడదీసిన రూపమున నిలుపును. లినక్సు సాధారణముగా పేర్లను సంకేతమునకు సంకేతముగా పోల్చును. అట్టి డిస్కునుండి ‘కైఫియత్తులు’ అను సంపుటి విడిరూపముతోనే లినక్సు సర్వరునకు చేరి, లింకునందలి పేరు ఏకసంకేతముతో నున్నచో, కంటికి రెండును ఒక్కటియే; లింకు మాత్రము గమ్యము చేరదు.

కావున పంచుకొను నిలయమునందు లింకులు హద్దు దాటని సాపేక్షమార్గములతో నుండుట, పేర్లకు ఒకే యూనికోడు రూపము పాటించుట, ప్రతివ్యవస్థనుండియు తెఱచి చూచుట అవసరము. అన్నింటికంటె ముఖ్యము భద్రపఱచు ప్రతి. కొన్ని సాధనములు లింకును లింకుగానే నకలు తీయును. అట్టి నకలున వాక్యమే మిగులును గాని గ్రంథము మిగులదు. ‘చూ.’ అన్న పదము నిఘంటువునందే లేనిచో పాఠకునకు కలుగు నష్టమే ఇచ్చటను కలుగును. మూలప్రతి శిథిలమైన పిమ్మట ఈ లోపము తెలిసినను ఫలము లేదు.